బీపీ రెండు చేతులకూ ఎందుకు చూస్తున్నాం?

మన ఉచిత వైద్య శిబిరాల్లో అన్నిటికంటే పొడవైన వరుస బీపీ బల్ల దగ్గరే ఉంటుంది. "ఒక చేతికి చూశారు కదా, మళ్లీ రెండో చెయ్యి ఎందుకు?" అని వచ్చినవారు అడుగుతుంటారు. విరాళాలిచ్చే పెద్దలు కొందరు "ఇలాగైతే ఎక్కువమందిని చూడలేరు కదా" అన్నారు. అడగవలసిన ప్రశ్నే.

గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని నుంచి రెండు చేతులకూ రక్తం వేర్వేరు నాళాల ద్వారా వెళుతుంది. ఇవి శుభ్రంగా ఉంటే రెండు చేతుల బీపీ దాదాపు ఒకటే. నాలుగైదు పాయింట్ల తేడా ఎవరికైనా ఉంటుంది, అది జబ్బు కాదు. పై అంకెలో తేడా 10 దాటితే గుర్తు పెట్టుకోవాలి. 15 దాటి, మళ్లీ మళ్లీ చూసినా అలాగే వస్తుంటే డాక్టరుగారికి తప్పక చూపించాలి.

మరి రెండింటిలో ఏది నిజమైన బీపీ? చాలామంది తక్కువ వచ్చినదాన్నే నమ్మాలనుకుంటారు, మనసుకు హాయిగా ఉంటుంది కనుక. కాని ఎక్కువ వచ్చినదే లెక్క. మిద్దె మీది ట్యాంకు నుంచి రెండు కుళాయిలకు నీళ్లు వస్తున్నాయనుకోండి. ఒక పైపులో పాచి పేరుకుంటే ఆ కుళాయిలో ధార తగ్గుతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గాయని అర్థం కాదు. చేతి నాళంలో కొవ్వు పేరుకున్నా అంతే.

ఒకాయనకు కుడి చేతిలో 152, ఎడమ చేతిలో 130 ఉందనుకుందాం. ఎడమ చేతికే చూస్తే "మీకేం ఫర్వాలేదు" అని పంపించేస్తాం. ఆయన నిశ్చింతగా ఇంటికి వెళతారు. లోపల గుండె, మెదడు, మూత్రపిండాలు మాత్రం 152 భారాన్నే మోస్తుంటాయి. పైగా ఇలాంటి పూడిక ఎడమ చేతి నాళంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. మనవాళ్లు అలవాటుగా ముందుకు చాపేది చాలాసార్లు ఆ చెయ్యే.

ఒక చేతి నాళంలో పూడిక ఉందంటే కాళ్లకు, మెదడుకు, గుండెకు వెళ్లే నాళాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో పాత అధ్యయనాలను కలిపి చూసి ఈ సంగతి చెప్పారు. 2020లో 53 వేలమందికి పైగా వివరాలను పరిశీలించి, తేడా పెరిగేకొద్దీ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేల్చారు. తేడా వల్ల గుండెపోటు రాదు, అది ముందుగా కనిపించే గుర్తు మాత్రమే. బీడీ, సిగరెట్టు, షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవారు ఈ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదు.

వయసులో ఉన్న ఆడపిల్లల్లో అరుదుగా వేరే కారణం ఉంటుంది. తకయాసు జబ్బు అంటారు. రక్తనాళాల గోడలు వాచి ఇరుకవుతాయి, ఒక చేతిలో నాడి అసలు దొరకకపోవచ్చు. పాశ్చాత్య దేశాల కంటే మన ఆసియా దేశాల్లోనే ఇది ఎక్కువ. "బలహీనత" అని టానిక్కులతో సరిపెట్టకుండా రెండు చేతులూ పట్టి చూస్తే బయటపడుతుంది. ఇక ఉన్నట్టుండి ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి వచ్చి, రెండు చేతుల బీపీలో పెద్ద తేడా ఉంటే శిబిరం కోసం ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

చూసే పద్ధతి సరిగా లేకపోయినా లేని తేడా కనిపిస్తుంది. చాయ్ తాగి అరగంటయినా కావాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా పెరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు భయం వల్ల కూడా కాస్త ఎక్కువ వస్తుంది. అందుకే తేడా కనబడితే కాసేపు ఆగి మళ్లీ చూస్తాం.

స్త్రీల విషయంలో అసలు చిక్కు చొక్కా చేతిది. బురఖా మీదుగా పట్టీ చుట్టడం సరికాదు, బిగుతు చేతిని పైకి మడిచి నొక్కడమూ సరికాదు. భుజం వరకు చెయ్యి ఖాళీగా ఉండాలి. ఇందుకు కావలసింది ఒక పరదా, ఒక నర్సమ్మ, చేతి వదులైన బట్టలు వేసుకు రమ్మని ముందుగా ఒక మాట. మందుల పెట్టెలకు ఇచ్చినంత ఉత్సాహంగా పరదాలకూ, పెద్ద సైజు పట్టీలకూ ఎవరూ ఇవ్వరు. అడగడానికి మాకూ మొహమాటమే. అయినా అడుగుతున్నాం.

కాలయాపన గురించి అడిగినవారికి ఒక మాట. రెండు చేతులూ చూడవలసింది ప్రధానంగా మొదటిసారే. అప్పుడు ఎక్కువ వచ్చిన చెయ్యి ఏదో కార్డు మీద రాస్తాం, తర్వాత ఎప్పుడూ ఆ చేతికే చూస్తారు. ఇంట్లో మెషీను ఉన్నవారూ ఇలాగే చేయవచ్చు.

డయాలసిస్ కోసం నాళం కలిపిన చేతికి మాత్రం పట్టీ చుట్టకూడదు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ చేసి చంకలోని గ్రంథులు తీసేసి ఉంటే, ఆ వైపు చేతి సంగతి డాక్టరును అడిగిన తర్వాతే. ఇలాంటివారు బల్ల దగ్గర కూర్చోగానే ఆ మాట చెప్పాలి.