కారంపూడి వీరులు, గూడవల్లి సినిమా

గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, పూర్తిచేయకుండానే కన్నుమూసిన సినిమా ‘పల్నాటి యుద్ధం’. 1946లో ఆయన మరణించాక మిగిలిన భాగానికి ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అది విడుదలైంది. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, నాయకురాలు నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు, మాంచాలగా ఎస్.వరలక్ష్మి నటించారు. తెలుగువారి మధ్యయుగ చరిత్రను, అందులోనూ మతమూ కత్తీ కలిసి నడిచిన ఒక ఘట్టాన్ని తెరకెక్కించిన తొలినాటి చిత్రాల్లో ఇది ముఖ్యమైనది.

కథ పన్నెండో శతాబ్దిది. పల్నాటిని ఏలిన హైహయ వంశపు అనుగురాజు కొడుకుల మధ్య వచ్చిన తగవు అది. పెద్దవాడు నలగామరాజు గురజాలలో, సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలో రాజ్యం చేశారు. నలగాముడి వెనుక మంత్రిణి నాగమ్మ, మలిదేవుడి వెనుక మంత్రి బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. అతడు నలగాముడికి స్వయానా అల్లుడు. ఆ తర్వాత సంధికి దారి లేకపోయింది. నాగులేటి ఒడ్డున కారంపూడి రణక్షేత్రంలో, 1180 ప్రాంతంలో రెండు సేనలూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

అన్నదమ్ముల రాజ్యతగవు కాబట్టి దీన్ని ‘ఆంధ్ర భారతం’ అనడం వాడుక. ఆ పోలికలో నిజం ఉంది కానీ, పల్నాటికి మాత్రమే చెందిన విషయం అందులో మరుగున పడిపోతుంది. బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు, నాగమ్మ శైవురాలు. అటు కన్నడదేశంలో బసవేశ్వరుడు కులభేదాల మీద తిరుగుబాటు లేపింది కూడా ఆ శతాబ్దంలోనే. శివుడి పేరుతో అక్కడ జరిగిన పని, విష్ణువు పేరుతో పల్నాట జరిగింది. అన్ని కులాలవారూ ఒకే పంక్తిలో కూర్చుని తినే చాపకూడును బ్రహ్మనాయుడు నెలకొల్పాడని, మాచర్ల చెన్నకేశవుడి గుడి తలుపులు మాలలకు తెరిచాడని వీరగాథ చెబుతుంది. మాల కన్నమదాసు ఆయన సేనానాయకుడు, కన్నకొడుకుతో సమానం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి తమ్ముళ్లుగా మెలిగి, అతడితో యుద్ధానికి కదిలినవారు ఒక్కొక్కరు ఒక్కో కులంవారు. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. మరణంలోనూ కలిసి ఉండాలన్న పట్టుదల ఆ గాథలో అడుగడుగునా వినిపిస్తుంది.

యుద్ధంలో పడిపోయినవారిని జనం మరిచిపోలేదు. కారంపూడిలో వీరుల గుడి వెలిసింది. పల్నాటి వీరాచారం అనే ప్రత్యేకమైన ఆరాధన అక్కడ నేటికీ నడుస్తోంది. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ రోజుల పేర్లు. మలిదేవుడి పక్షం వనవాసంలో ఉండగా వారి ఆలమందల మీద జరిగిన దాడికి మందపోరు గుర్తు. వీరాచారవంతులు తమ వంశాల్లో తరతరాలుగా వస్తున్న ఆయుధాలను మోసుకొస్తారు. కొణతాలు అనే ఆ ఆయుధాలకు నాగులేటిలో స్నానం చేయించి పూజిస్తారు. ఇక్కడ ఆయుధమే వీరుడికి ప్రతిరూపం.

మతం కోసం కత్తిపట్టిన యోధుల జ్ఞాపకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. జెరూసలేంలో 1119 ప్రాంతంలో పుట్టిన టెంప్లార్ దళంవారు సన్యాసుల నియమాలు పాటిస్తూనే యుద్ధం చేశారు. 1187లో హట్టిన్ దగ్గర సలాదిన్ చేతిలో వారు ఘోరంగా దెబ్బతిన్నది కారంపూడి యుద్ధానికి కొద్ది ఏళ్ల తేడాలోనే. 1312లో పోపు ఆ దళాన్ని రద్దు చేశాడు. సలాదిన్ నాటి జెరూసలేంను రిడ్లీ స్కాట్ 2005లో ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’గా తీశారు. అలాంటిదే అయిన ట్యూటానిక్ దళం 1242లో గడ్డకట్టిన సరస్సు మీద ఓడిపోవడాన్ని ఐజెన్‌స్టీన్ 1938లోనే ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’లో చూపించారు.

అయితే టెంప్లార్‌లకు రాతలో నియమావళి ఉంది, పోపు అనుమతి ఉంది. పల్నాటివారికి అవేమీ లేవు. బతికుండగా వారు ఒక రాజు పక్షాన నిలిచిన సైనికులు. చనిపోయాక దేవుళ్లయ్యారు. వారి కథను నిలబెట్టింది శాసనాల కంటే గొంతులే. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథను పాడేవారని ‘క్రీడాభిరామం’ చెబుతోంది. శ్రీనాథుడి పేరుమీద ఉన్న ద్విపద కావ్యం ‘పల్నాటి వీరచరిత్ర’ను ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చువేశాక ఈ కథ చదువరుల చేతికి వచ్చింది. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ దీన్నే ‘నాయకురాలు’ నాటకంగా మలిచారు.

ఈ వరుసలో గూడవల్లి రామబ్రహ్మం రావడం కాకతాళీయం కాదు. ఆయన 1938లో తీసిన ‘మాలపిల్ల’ హరిజనుల ఆలయప్రవేశం మీద, కులాంతర ప్రేమ మీద నిలబడిన సినిమా. మరుసటి ఏడాది వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ దోపిడీని ఎత్తిచూపి నిషేధాలు ఎదుర్కొంది. సినిమా అంటే పురాణమే అనుకుంటున్న రోజుల్లో ఆయన ఊరినీ, కులాన్నీ, భూమినీ తెరమీదికి తెచ్చారు. గుడి తలుపులు తెరిచిన మంత్రి, మాలవాడైన సేనాని, చాపకూడు పంక్తి ఉన్న కథ అలాంటి మనిషిని లాగకుండా ఎలా ఉంటుంది? ఎనిమిది వందల ఏళ్లనాటి పల్నాడులో ఆయన వెతికింది తన కాలపు ప్రశ్ననే. ‘మాలపిల్ల’లో ఛాందస బ్రాహ్మణుడు సుందరరామశాస్త్రిగా నటించిన గోవిందరాజుల సుబ్బారావే ఇందులో బ్రహ్మనాయుడు కావడం ఇంకా విశేషం. కులం గోడను కాపాడిన పాత్రలో జనం చూసిన నటుడు, ఈసారి ఆ గోడను పడగొట్టేవాడిగా వచ్చారు.

నాగమ్మ పాత్ర మరింత కష్టమైనది. వీరగాథ పాడినవారు బ్రహ్మనాయుడిని విష్ణువు అవతారంగా కొలిచినవారు. కాబట్టి అందులో నాగమ్మకు మిగిలింది కుట్రలు పన్నే మనిషి వేషమే. కానీ పన్నెండో శతాబ్దిలో ఒక స్త్రీ మంత్రిపదవి చేపట్టి, రాజ్యం నడిపి, సేనను రణరంగానికి నడిపించిందంటే ఆమెను ఒట్టి ప్రతినాయికగా చూడడం అన్యాయం. గంభీరమైన కంఠంతో, స్పష్టమైన ఉచ్చారణతో సంభాషణ చెప్పడంలో పేరుపొందిన కన్నాంబను ఆ పాత్రకు ఎంచుకోవడం సరైన నిర్ణయం. అక్కినేని అప్పటికి ఇరవై ఏళ్ల వయసు దాటి ఎంతోకాలం కాలేదు. తల్లి చాటున పెరిగి, భార్య మాంచాల చేతుల మీదుగా కత్తి అందుకుని యుద్ధానికి వెళ్లే బాలచంద్రుడికి ఆ లేతదనం అతికింది.

సినిమా చరిత్రపాఠం కాదు. చరిత్రకారులు యుద్ధకాలాన్ని, పాత్రల వంశాలను గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తెర మాత్రం వీరగాథనే అనుసరించింది. అదే కథను 1966లో గుత్తా రామినీడు మళ్లీ తీశారు. అందులో బాలచంద్రుడు హరనాథ్, నాగమ్మ భానుమతి. బ్రహ్మనాయుడు ఎన్.టి.రామారావు. మొదటి ‘పల్నాటి యుద్ధం’ను పూర్తిచేసిన ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోనే, 1949 నాటి ‘మనదేశం’తో రామారావు చిత్రరంగంలో అడుగుపెట్టారు.