ఆటకు కావలి: అపోహలు – వాస్తవములు

మధురవాడ కడ అంతర్జాతీయ క్రికెట్టు పోటీ జరుగనున్నదని పత్రికలలో వచ్చిన దినము మొదలు, తగరపువలస కూడలిలోని టీకొట్లయందు ఆటను గూర్చిన చర్చకంటె బందోబస్తును గూర్చిన విసుర్లే యెక్కువగా వినవచ్చును. శ్రీకాకుళ విజయనగరముల నుండి పోతినమల్లయ్యపాలెము మైదానమునకు పోవు జనములో అధికభాగము గోస్తనీనది వంతెన దాటి ఈ యూరి మీదుగనే సాగవలసియుండుటచేత, ఆ యేర్పాట్ల తాకిడి మనకే ముందు తగులును. వానిని గూర్చిన అపోహలును మనకడనే ముందు పుట్టును.

ఆనందపురము కడ లారీలను పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లికి మళ్లించుట గొప్పవారి కార్లు సుఖముగా పోవుటకే యనునది వానిలో మొదటిది. గొప్పవారికి కొంత సుఖము కలుగుననుట కాదనను. కాని ఆ మైదానము 16వ నంబరు జాతీయ రహదారికి చేరువనే యున్నది. క్రీడాకారుల బస్సు నగరమునుండి వచ్చుటకైనను, గాయపడినవానిని అంబులెన్సులో ఆసుపత్రికి చేర్చుటకైనను ఆ త్రోవయే ముఖ్యాధారము. రక్షణ ప్రణాళిక వేయువారు మైదానముకంటె మార్గమునకే యెక్కువ భయపడుదురు. 2009 మార్చి 3న లాహోరులో శ్రీలంక జట్టుపై దాడి జరిగినది మైదానమునందు గాదు, మైదానమునకు పోవు త్రోవలో, లిబర్టీ కూడలి కడ. ఆట వేళలు ఎల్లరకు తెలిసినవే గనుక, ముష్కరులు అచ్చట మాటువేసియుండిరి. ఆరుగురు పోలీసులు నేలకూలిరి. డ్రైవరు బెదరక, బస్సును ఆపక, మైదానములోనికి తోలుకొనిపోవుటచేత క్రీడాకారులు ప్రాణములతో బయటపడిరి. తరువాత వారిని ఆ మైదానము నడుమ నుండియే హెలికాప్టరులో తరలించిరి.

గేటుకడ ఖాకీలెందరో భద్రత యంత యనునది మరియొక భ్రమ. గేటు కడపటి వలయము మాత్రమే. వంటవాడెవ్వడు, తీగలు బిగించువాడెవ్వడు, కుర్చీలు తుడుచువారెవ్వరు అని ముందుగా విచారించి, ఎవరికి ఏ గుమ్మము వరకు పనియో ఆ మేరకే పాసు ఇచ్చుటలో నున్నది అసలు కిటుకు. 1972లో మ్యూనిచ్ ఒలింపిక్సునందు ఇజ్రాయెలు జట్టువారిని పదునొకండ్రను పొట్టనబెట్టుకొన్నవారు క్రీడాకారుల దుస్తులు ధరించి, క్రీడాగ్రామపు కంచె నెక్కి దిగినవారే.

మంచినీళ్ల సీసాలను లాగికొనుట లోపలి అంగళ్లవారి లాభముకొరకే యను నిందయు కలదు. లోపలి ధరలు చూచినవారికి ఆ యనుమానము సహజమే. అయినను 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్సునందు ప్రపంచ కప్పు సెమీఫైనలు సీసాల వర్షముచే ఆగిపోయి, శ్రీలంక గెలిచినట్లు ప్రకటింపబడిన సంగతి మరువరాదు.

2009 ఆగస్టులో హైదరాబాదు గచ్చిబౌలియందు ప్రపంచ బ్యాడ్మింటను పోటీలు ప్రారంభమగుటకు ముందుదినముననే ఇంగ్లండు జట్టు భద్రతాభయముచే తప్పుకొనగా, మన యేర్పాట్లు చాలవని తీర్పు చెప్పినవారు పెక్కురు. ముంబయి మారణకాండకు తొమ్మిది నెలలైనను నిండని కాలమది. భయము కలుగుట వింతకాదు. కాని ముప్పు ఎంత యనునది ఒక ప్రశ్న, దానికి మనమెంత సిద్ధపడితిమనునది వేరొక ప్రశ్న. పోటీలు నిర్విఘ్నముగా ముగిసి, లిన్ డాన్ పురుషుల విజేత యయ్యెను.

వీనియన్నిటికంటె బలమైన అపోహ, ముప్పు అనగా ముష్కరుడే యనునది. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని హిల్స్‌బరో ఫుట్‌బాలు మైదానమున శత్రువెవ్వడును లేడు. వెలుపల జనము నలిగిపోవుచున్నదని జాలిపడి పోలీసులు నిర్గమనద్వారము నొకదానిని తెరచిరి. అప్పటికే క్రిక్కిరిసియున్న నడిమి ఆవరణమునకు పోవు సొరంగమును మాత్రము మూయించుట మరచిరి. వచ్చినవారందరు తిన్నగా ఆ సొరంగమున జొరబడగా, ముందువారు ఇనుపకంచెల కదుముకొనిపోయిరి. 97 మంది ప్రాణములు కోల్పోయిరి. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి మైదానపు గేట్లకడ తొక్కిసలాటలో పదునొకండ్రు మరణించినపుడు లోపల పోటీయైనను లేదు, విజయోత్సవము మాత్రమే. కావున గుమ్మమొక్కింటికి నిమిషమున కెందరు దాటగలరు, ఆట ముగిసిన పిదప సుమారు 27 వేల జనము ఎంతసేపటికి రహదారి కెక్కును అను లెక్కలు తుపాకుల లెక్కకంటె ముందు వేయవలసినవి.

విశాఖవారికి ఇంకొక శత్రువు కలడు. వానికి పాసుతో పనిలేదు. 2014 అక్టోబరు 14న ఇచ్చట జరుగవలసిన భారత వెస్టిండీసు పోటీ, రెండు దినములు ముందు తీరము దాటిన హుద్‌హుద్ తుఫానుచే రద్దయినది. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్పు పోటీలు ఇచ్చట జరిగినపుడు, వానిలో కడపటిదైన ఇంగ్లండు న్యూజిలాండుల ఆట 26వ తేదీన ముగిసినది. మొంథా తుఫాను కాకినాడ ప్రాంతమున తీరము దాటినది 28వ తేదీ రాత్రి. ఆ రెండు దినముల వ్యవధి ప్రణాళికా చాతుర్యముకంటె అదృష్టమునకే యెక్కువ ఋణపడియున్నది.