కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని పెంచుమని ఎప్పుడు కోరవలెను?

తొలకరికి ముందు బ్యాంకు శాఖలయందు రైతుల రద్దీ హెచ్చుగా నుండును. వారిలో అనేకులు అడుగునది ఒక్కటే: "అయ్యా, నా కార్డు మీద లిమిటు కొంచెం పెంచండి." కొందరికి పెరుగును, కొందరికి పెరుగదు. పెరిగినవారిలో కొందరు మరుసటి సంవత్సరము మరింత చిక్కులో పడుదురు. పెరుగనివారిలో కొందరు, తమకు న్యాయముగా రావలసిన మొత్తమును తగిన సమయమున అడుగకపోవుటచే, వడ్డీ వ్యాపారి గడప త్రొక్కుదురు. ఇట్టి రైతు సలహాకై ముందుగా వచ్చునది పంచాయతీ సభ్యుని యింటికే. కావున ఈ పరిమితి ఎట్లు ఏర్పడునో, దానిని పెంచుమని ఎప్పుడు అడుగుట లాభకరమో, ఎప్పుడు అడుగుట నష్టకరమో సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

1951-52 సంవత్సరములో జరిగిన అఖిల భారత గ్రామీణ ఋణ సర్వేలో, రైతులు తెచ్చుకొనిన అప్పులలో సహకార సంఘముల వాటా కేవలము 3.1 శాతముగా తేలినది. అధిక భాగము వడ్డీ వ్యాపారులదే. ఆనాటినుండి పంటను బట్టి అప్పు ఇచ్చు పద్ధతి క్రమముగా వ్యాపించి, ఆర్.వి. గుప్తా సంఘము సిఫార్సుల దరిమిలా 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు పథకము ప్రారంభమైనది. 2004లో పెట్టుబడి ఋణములు, 2018-19లో పశుపోషణ, మత్స్య పరిశ్రమ దీని పరిధిలో చేరినవి. మధ్యలో 2012లో జరిగిన సవరణ ముఖ్యమైనది. పరిమితిని లెక్కగట్టు విధానము అప్పుడే స్థిరపడినది. సన్నకారు రైతునకును, కొత్తగా సాగు ప్రారంభించిన యువకునకును బ్యాంకునుండి లభించు మొదటి కార్డు సాధారణముగా ఇదియే.

మొట్టమొదట తొలగింపవలసిన అపోహ ఒకటి కలదు. పరిమితి యనగా అప్పు కాదు. అప్పు తీసికొనుటకు గల అవకాశము మాత్రమే. లక్షన్నర పరిమితి గల రైతు అరువది వేలు మాత్రమే వాడుకొనినచో, వడ్డీ అరువది వేలకే, అదియు వాడుకొనిన దినములకే పడును. మంజూరైన నాడే మొత్తము తీసి యింట పెట్టుకొను అలవాటు మన గ్రామములలో చాల కలదు. "మళ్ళీ యిస్తారో యివ్వరో" అను భయమే దానికి కారణము. ఆ భయమునకు చెల్లించు మూల్యము వడ్డీ. ఎరువునకు ఒక మారు, కూలీలకు ఒక మారు, కోతలకు ఒక మారు అవసరమును బట్టి తీసికొను రైతు, ఉన్న పరిమితితోనే నిలదొక్కుకొనగలడు. పెంపు కోరుటకు ముందు సభ్యుడు అడుగవలసిన తొలి ప్రశ్న ఇదియే: ఉన్న పరిమితిని ఎట్లు వాడుచున్నావు?

ఇక లెక్క. ఏ పంటకు ఎకరమునకు ఎంత అప్పు ఈయవచ్చునో ప్రతి జిల్లాలోను సాంకేతిక సంఘము ఏటేట నిర్ణయించును. దీనిని బ్యాంకువారు స్కేల్ ఆఫ్ ఫైనాన్సు అందురు. ఆ మొత్తమును సాగు విస్తీర్ణముతో గుణించి, పంట భీమా వ్యయమును చేర్చి, కోత అనంతర ఖర్చులకు, యింటి వాడుకకు 10 శాతము, పనిముట్ల మరమ్మతులకు 20 శాతము కలుపుదురు. అది మొదటి సంవత్సరపు పరిమితి. ఉదాహరణకు ఎకరమునకు 30 వేల రూపాయలు నిర్ణయమైనదని అనుకొందము. (ఇది లెక్క కొరకు తీసికొనిన అంకె మాత్రమే; మీ జిల్లా అంకె వేరుగా నుండును.) మూడెకరములకు 90 వేలు, దానిపై 9 వేలు, 18 వేలు కలిపినచో 1,17,000 రూపాయలు. భీమాను సౌలభ్యము కొరకు విడిచితిమి.

ఇచ్చటనే చాలమంది రైతులకు తెలియని సంగతి యున్నది. 2012 విధానము ప్రకారము ఖర్చుల పెరుగుదలకై ఏటేట 10 శాతము చొప్పున పెంపును ముందుగానే లెక్కించి, అయిదవ సంవత్సరపు మొత్తమును కార్డు పరిమితిగా నిర్ణయింతురు. పై రైతునకు రెండవ యేట 1,28,700, మూడవ యేట 1,41,570, నాల్గవ యేట 1,55,727, అయిదవ యేట సుమారు 1,71,300 రూపాయలు. పత్రములు మొదటనే వ్రాయించుకొందురు గనుక, ఈ పెంపునకై కొత్తగా అర్జీ వేయనక్కరలేదు. "ఈ సంవత్సరము నేను తీసికొనదగిన మొత్తము ఎంత?" అని శాఖలో అడిగిన చాలును. ఆ ప్రశ్న వేయక మొదటి యేటి మొత్తముతోనే నాలుగేండ్లు గడిపి, లోటును బయటి అప్పుతో పూడ్చుకొను రైతులు కలరు. పెంపు కోరవలసిన అవసరము నిజముగా నున్నదా, లేక మంజూరైన దానినే వాడుకొనుట లేదా యను విషయము ముందు తేల్చుకొనవలెను.

అయినను, ఆ పది శాతము చాలని సందర్భములు లేకపోలేదు. జిల్లా సంఘము ఒక యేట ఎకరపు మొత్తమును పది శాతమునకు మించి హెచ్చించినచో, ఆ సంవత్సరము వాడుకొనదగిన మొత్తమును తిరిగి నిర్ణయించి రైతునకు తెలుపవలెనని నిబంధనలలోనే యున్నది. నాల్గవ, అయిదవ సంవత్సరములలో అందుకొరకు కార్డు పరిమితినే పెంచవలసివచ్చిన, అట్లు పెంచవచ్చును. ఇది రైతు ప్రాధేయపడి పొందునది కాదు. పంట మారినప్పుడును అంతే. తొలి లెక్క అయిదేండ్లును ఒకే పంటల సరళి సాగుననెడి ఊహపై వేసినది. వరి వేయు రైతు మిరపకో, పసుపునకో మారినచో ఆ లెక్క పొరపాటగును గనుక తిరిగి వేయుమని కోరవచ్చును. సాగు విస్తీర్ణము పెరుగుట మూడవ కారణము. భూమి పంపకమై తగ్గినచో పరిమితియు తగ్గునను సంగతి అన్నదమ్ములు వేరుపడు సమయమున ఎవరికిని జ్ఞప్తికి రాదు.

పై రైతు మూడెకరములలో ఒకదానిలో మిరప వేసెననుకొందము. మిరపకు ఎకరమునకు 80 వేలు అనుకొనిన, మొత్తము 1,40,000. పదియు, ఇరువది శాతములు కలిపి 1,82,000. అయిదవ యేటికి కార్డు పరిమితి సుమారు 2,66,500 రూపాయలు. పెరుగుదల న్యాయమైనదే. అయితే రైతు ఒక గట్టు దాటినాడు. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ ఋణములకు ఆస్తి హామీ అడుగరాదని రిజర్వు బ్యాంకు నిర్దేశించినది. (అంతకు పూర్వము ఆ హద్దు 1.60 లక్షలు.) ఆ హద్దు దాటిన పిమ్మట భూమిని హామీగా కోరుటకు బ్యాంకునకు అవకాశము కలుగును. కొందరు రైతులకు ఇది పెద్ద విషయము కాదు. కాని ఆడపిల్ల పేర వ్రాయదలచిన ఎకరమో, తమ్మునితో ఉమ్మడిగానున్న చెక్కయో హామీ క్రిందికి పోవునట్లయినచో, ముందుగా ఇంటిలో మాటాడుకొనుట మంచిది. అవసరము 1,95,000 మాత్రమే అయినప్పుడు రెండున్నర లక్షలు కోరుట తెలివి కాదు.

రెండవ గట్టు వడ్డీ రాయితీకి సంబంధించినది. 3 లక్షల రూపాయల వరకు పంట ఋణములపై 7 శాతము వడ్డీ, గడువులోగా చెల్లించినవారికి మరి 3 శాతము తగ్గింపు, అనగా నికరముగా 4 శాతము. ఈ సదుపాయమును కేంద్ర ప్రభుత్వము 2025-26 సంవత్సరమునకు గూడ కొనసాగించినది. ఈ హద్దును 5 లక్షలకు పెంచు ప్రతిపాదన 2025 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగములో వెలువడినది. తమ శాఖలో ఏ హద్దు అమలులో నున్నదో అర్జీ వేయు దినమున అడిగి తెలిసికొనవలెను. హద్దుకు పైబడిన మొత్తముపై బ్యాంకు తన సాధారణపు రేటు వేయును. లక్ష రూపాయలు సంవత్సరము వాడుకొనిన రైతునకు గడువు పాటించుట, పాటింపకపోవుటల నడుమ తేడా 3 వేల రూపాయలు. గడువు మీరినచో అసలు 7 శాతపు రేటు కూడ నిలువదు. పరిమితి పెరుగుటవలన కలుగు లాభము కంటె గడువు తప్పుటవలన కలుగు నష్టమే పెక్కు కుటుంబములలో పెద్దదగుచున్నది.

ఎప్పుడు అడుగరాదో కూడ స్పష్టముగా చెప్పవలెను. పాత బాకీ తీరక, దానిని కప్పిపుచ్చుటకై పరిమితి పెంచుమనుట అన్నిటికంటె ప్రమాదకరము. ఇది గ్రామములలో జరుగు తీరు అందరెరిగినదే. గడువునాడు రైతు ఒక వడ్డీ వ్యాపారివద్ద నాలుగు దినములకు సొమ్ము తెచ్చి బ్యాంకులో కట్టును. కార్డు తిరిగి మంజూరు కాగానే పెరిగిన పరిమితితో సొమ్ము తీసి, కమీషనుతోసహా వ్యాపారికి ఇచ్చివేయును. పుస్తకములో ఖాతా శుభ్రముగా కనుపించును. చేనికి మాత్రము ఒక్క రూపాయియు చేరదు. మరుసటి యేట బాకీ పెద్దది, పెట్టుబడి సున్న. పంట పోయి అప్పు తీరని రైతునకు తగిన దారి పరిమితి పెంపు కాదు. ప్రకృతి వైపరీత్యము ప్రకటింపబడిన ప్రాంతమైనచో, ఋణ కాలపరిమితిని మార్చి వాయిదాలుగా చెల్లించుటకు వీలు కల్పించుమని కోరుటయే దారి. ఆ కోరిక గడువు దాటకముందే వ్రాతమూలకముగా శాఖకు చేరవలెను.

మాఫీ వచ్చుననెడి ఆశతో చెల్లింపు నిలుపుట మరియొక పొరపాటు. 2008లో దేశమంతటను, 2014లో రెండు తెలుగు రాష్ట్రములలోను, 2024లో తెలంగాణములోను ఋణ మాఫీలు జరిగిన మాట నిజమే. అయితే ఏ మాఫీకైనను ఒక తేదీ, ఒక హద్దు ఉండును. ఎదురుచూచు రైతు వాటిలో పడునో పడడో ఎవరును చెప్పలేరు. స్వల్పకాలిక పంటల బాకీ రెండు పంటకాలములు, దీర్ఘకాలిక పంటల బాకీ ఒక పంటకాలము మించి నిలిచినచో ఆ ఖాతా మొండిబాకీల జాబితాలో చేరును. అటుపిమ్మట పెంపు మాట దేవుడెరుగు, ఉన్న పరిమితియే అక్కరకు రాదు. ఆ సమాచారము సిబిల్ వంటి సంస్థలకు చేరుటచే, కుమారుని చదువు అప్పునకు తండ్రి హామీగా నిలబడిననాడు గూడ ఆ మచ్చ ఎదురగును.

పెండ్లికి, ఇంటి కప్పునకు పంట కార్డు పరిమితి పెంచుమనుటయు తగదు. వాటి ఆదాయము కోతలనాటికి చేతికి రాదు. గేదెను కొనుటకు గూడ ఇది సాధనము కాదు. పశుపోషణకు ఇచ్చు కార్డు మేత, దాణా, మందుల ఖర్చులకు ఉద్దేశింపబడినది. పశువు కొనుగోలునకు వాయిదాల ఋణమును వేరుగా కోరవలెను.

అడుగుటకు తగిన కాలము ఏది? పాత బాకీ గడువులోగా చెల్లించిన పిమ్మట, కొత్త పంటకు దుక్కి ప్రారంభింపకముందు. ఖరీఫునకైనచో రోహిణి కార్తె లోపుననే అర్జీ శాఖకు చేరుట మంచిది. మృగశిర వచ్చి, విత్తనములకు సొమ్ము కావలసిననాడు వెళ్ళినచో, బ్యాంకు ఉద్యోగికి లెక్క తిరిగి వేయు తీరికయు ఉండదు, రైతునకు వేచియుండు ఓపికయు ఉండదు. పట్టాదారు పాసు పుస్తకము, ఆధారు, కిందటి పంట నమోదు వివరములు (ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు), ఈ యేటి పంటల ప్రణాళిక వ్రాసిన కాగితము వెంట నుండవలెను. "ఖర్చులు పెరిగినవి" అను మాట కంటె "ఒక ఎకరము వరినుండి మిరపకు మార్చితిని, జిల్లా నిర్ణయము ఇంత" అను మాటకు బలము హెచ్చు. 3 లక్షల వరకు కార్డులపై పత్రముల ఖర్చు, తనిఖీ రుసుము మున్నగునవి వసూలు చేయరాదని 2019లో బ్యాంకుల సంఘము తన సభ్య బ్యాంకులకు సూచించినది. దళారికి చెల్లింపవలసినది ఏమియు లేదని వేరుగా చెప్పనక్కరలేదు.

కౌలు రైతుల విషయము కొంత భిన్నము. నోటిమాట కౌలుదారులు, పాలికాపులు సైతము కార్డునకు అర్హులేయని 2012 నిబంధనలు చెప్పుచున్నవి. ఉమ్మడి రాష్ట్రములో 2011 చట్టము క్రింద ఋణ అర్హత కార్డులు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టము క్రింద 11 నెలల కాలమునకు సాగుదారు హక్కు పత్రములు ఏర్పాటైనవి. ఆచరణలో పెక్కుచోట్ల భూయజమాని తన భూమిపై తానే అప్పు తీసికొనియుండును. అదే భూమిపై కౌలుదారునకు అప్పు ఈయుటకు శాఖ వెనుదీయును. యజమాని సంతకమునకు జంకుటయు సహజమే. ఇచ్చట పంచాయతీ సభ్యుని మాట పనికివచ్చును. ఆ పత్రమువలన భూమిపై కౌలుదారునకు హక్కు రాదని, అది పంటకు మాత్రమే సంబంధించినదని యజమానికి ముఖాముఖి చెప్పగలవాడు ఊరిలోని పెద్దయే గాని బ్యాంకు గుమాస్తా కాదు. ఒంటరిగా సాధ్యము కానిచో నలుగురైదుగురు కౌలుదారులు ఉమ్మడి బాధ్యతా సంఘముగా ఏర్పడి ఋణము కోరవచ్చును. మొదట చిన్న మొత్తము తీసికొని, రెండు పంటకాలములు సక్రమముగా చెల్లించి, ఆపై పెంపు అడిగిన సంఘమునకు శాఖలో మాట చెల్లును.

అర్జీని త్రోసిపుచ్చినచో కారణమును వ్రాతలో కోరవలెను. తొలుత శాఖకు, ఆపై బ్యాంకు పై అధికారికి వ్రాసి, 30 దినములలో తగిన జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపవచ్చును. ఒక ఊరిలో పలువురికి ఒకే విధమగు ఇబ్బంది కలిగినప్పుడు మండల స్థాయి బ్యాంకర్ల సంయుక్త సమావేశమున దానిని లేవనెత్తుట సులభమగు మార్గము. ఈ సంవత్సరము జిల్లా సంఘము ఏయే పంటకు ఎకరమునకు ఎంత నిర్ణయించినదో ఆ పట్టికను శాఖనుండి గాని, వ్యవసాయాధికారినుండి గాని తెప్పించి, ఏప్రిల్, మే నెలలలో పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించినచో, తన పరిమితి ఎంత ఉండవలెనో ప్రతి రైతును అచ్చటనే నిలబడి లెక్కగట్టుకొనగలడు.