వెల్డింగు పనిలో ఆలస్యంగా తెలిసే ప్రమాదాలు

కిటికీ గ్రిల్లులు, గేట్లు, రేకుల షెడ్లు తయారుచేసే పనిశాలను తేనిలో పట్టరై అంటారు. అక్కడ పనికి కుదిరే తెలుగువారు చేతులు కాలకుండా, విద్యుత్ షాకు తగలకుండా మొదటి రోజునుంచే జాగ్రత్తపడతారు. అవి ఎదుట కనిపించే ప్రమాదాలు. పని ముగిసి, ఇల్లు చేరిన తరువాత బయటపడేవి వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది కంటికి సంబంధించినది. వెల్డింగు మెరుపులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి, కాని ఆ క్షణంలో నొప్పి తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, సాధారణంగా రాత్రివేళ, కళ్ళలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. వెల్డరుకు ముఖకవచం ఉంటుంది; ఇనుము పట్టుకొని పక్కన నిలబడే సహాయకుడికి చాలాచోట్ల అదీ ఉండదు. ఎండకు పెట్టుకొనే నల్ల కళ్ళద్దాలు ఇందుకు పనికిరావు. మామూలు రాడ్ వెల్డింగుకు 10వ నంబరు షేడ్ గాజు, గ్యాస్ కటింగుకు 5వ నంబరు గాజు వాడటం పరిపాటి. నొప్పి వచ్చినప్పుడు చంటిబిడ్డ తల్లి పాలు కంట్లో వేయడం, మందుల దుకాణంలో అడిగి మత్తు చుక్కలు కొనుక్కోవడం రెండూ తప్పే. మత్తు చుక్కలు నొప్పిని దాచి, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. కా.విలక్కులోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కంటి వైద్యుణ్ణి కలవడం మేలు.

జి.ఐ. పైపును వెల్డింగు చేసిననాటి సాయంత్రం చలి, జ్వరం, నోట లోహపు రుచి కలగవచ్చు. పైపుకు పూసిన జింకు పొగగా మారి ఊపిరితిత్తుల్లో చేరడమే ఇందుకు కారణం. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కనుక దీనిని మామూలు జ్వరంగా భావించేవారు ఎక్కువ. బెల్లం తిన్నా, పాలు తాగినా ఆ పొగ ఆగదు. వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించింది. తలుపులు తెరిచి, గాలి తన వీపు వైపు నుంచి గాని పక్కనుంచి గాని వీచేలా నిలబడి, పొగ ముఖానికి తగలకుండా పనిచేయాలి.

ఇక నిప్పు. రవ్వలు పది మీటర్లు దాటి పడగలవు. ఆడి మాసపు గాలిలో ఇంకా దూరం పోతాయి. బోడినాయకనూరు బూరుగు దూదికి పేరుపొందిన ఊరు. ఆ దూదితో పరుపులు, దిండ్లు కుట్టే అంగడి పక్కనే పట్టరై ఉంటే, దూదిలో పడిన రవ్వ మంట లేకుండా లోలోపల రాజుకొని, అందరూ భోజనానికి వెళ్ళాక బయటపడుతుంది. ముఖకవచం ధరించిన వెల్డరుకు తన ముందున్న అతుకు తప్ప మరేమీ కనిపించదు. కాబట్టి నీళ్ళు, ఇసుక దగ్గర ఉంచుకొని చుట్టూ చూసే మనిషి మరొకరు ఉండాలి. పని ఆగిన తరువాత కనీసం అరగంట ఆ మనిషి అక్కడే ఉండాలి. ఈ అరగంటకు కూలి ఇవ్వడానికి యజమానులు వెనుకాడతారు, కాని కాలిపోయిన దుకాణం కన్నా అది చవక.

ఖాళీ డ్రమ్మును కోయడం అన్నిటికన్నా మోసకరమైన పని. డీజిలు గాని, పెయింటు గాని పోసిన డ్రమ్ము మూత తీసి ఎండలో పెట్టినా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది. కటింగు మంట తగిలితే అది బాంబులా పేలుతుంది. ఆవిరి కంటికి కనిపించదు. 2013 ఆగస్టు 23న విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో కొత్త కూలింగ్ టవరు వద్ద వెల్డింగు పని జరుగుతుండగా ఇంధన ఆవిరి అంటుకొని ఇరవైమందికి పైగా మరణించారు. డ్రమ్ములో ఇంతకుముందు ఏమి పోశారో తెలియనప్పుడు ఆ పనికి ఒప్పుకోకూడదు.

సిలిండర్ల విషయంలో రెండు మాటలు. నల్లని ఆక్సిజన్ సిలిండరు వాల్వుకు నూనె, గ్రీజు అంటిన చేయి తగలరాదు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజనులో నూనె దానంతట అదే మండుతుంది. మెరూన్ రంగు డి.ఏ. సిలిండరును పడుకోబెట్టకుండా నిలువుగా, గొలుసుతో కట్టి ఉంచాలి. గ్యాసు కారుతున్నదేమో సబ్బునీటితో చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108. ఫోను ఎత్తేవారికి తెలుగు రాకపోవచ్చు. తమిళంలో అగ్నిప్రమాదాన్ని ‘తీ విబత్తు’ అంటారు. ఆ మాట, వీధి పేరు, దగ్గరలోని గుడి లేదా బస్టాపు పేరు చెప్పగలిగితే చాలు. వీటిని తమిళం తెలిసిన పొరుగువారి చేత ముందుగానే గోడ మీద రాయించి ఉంచుకోవచ్చు.