లోనికి ముడుచుకున్న చనుమొనలు: శస్త్రచికిత్స ఎవరికి, ఎప్పుడు?

వైద్యుని వద్ద కూడా చెప్పుకోవడానికి స్త్రీలు సంకోచించే లోపాలలో చనుమొనలు లోనికి ముడుచుకొని ఉండటం ఒకటి. యుక్తవయస్సు వచ్చింది మొదలు ఈ సంగతిని కన్నతల్లికైనా చెప్పుకోలేక, పెళ్లి మాట ఎత్తగానే భయపడే యువతులు ఉన్నారు. తీరా కాన్పయిన తరువాత చనుమొన నోటికి అందక పసికందు గుక్కపట్టి ఏడుస్తుంటే, "అమ్మాయికి పాలు పడలేదు, డబ్బాపాలు పట్టండి" అని ఇంటి పెద్దలు తేల్చివేస్తారు. నిజానికి ఆ తల్లికి పాలకు కొదవ లేదు. శిశువు పట్టుకొనడానికి తగిన మొన మాత్రమే బయటికి లేదు.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని గమనించకపోలేదు. చరక సంహిత శారీరస్థానంలో స్తనసంపత్తును వర్ణిస్తూ, స్తనాలు మరీ ఎత్తుగా గాని, మరీ జారి గాని, కృశించి గాని, అతిస్థూలంగా గాని ఉండరాదని, తగిన చనుమొనలు కలిగి శిశువు సుఖంగా తాగడానికి అనువుగా ఉండాలని చెప్పబడింది.

గర్భస్థ శిశువులో చనుమొన మొదట చిన్న గుంటగా ఉంటుంది. దాని అడుగున ఉన్న కణజాలం పెరిగి ఆ గుంటను క్రమంగా పైకి నెడుతుంది. ఈ పెరుగుదల చాలనప్పుడు, లేదా పాలను మొనకు చేర్చే క్షీరవాహికలు పొట్టిగా ఉండి, వాటి చుట్టూ నారవంటి పట్టీలు బిగుసుకొన్నప్పుడు మొన లోపలనే నిలిచిపోతుంది. ఇది పూర్వజన్మ పాపమూ కాదు, ఎవరి దిష్టీ కాదు. నూరుమంది స్త్రీలలో కనీసం ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది.

దీనిలో మూడు స్థాయిలు ఉన్నాయి. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయాన్ని బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ల మధ్య మెల్లగా నొక్కితే మొన సులభంగా బయటికి వచ్చి కొంతసేపు నిలిస్తే మొదటి స్థాయి. వచ్చినా వదిలిన వెంటనే లోనికి పోతే రెండవది. ఎంత ప్రయత్నించినా రాకపోతే మూడవది. మొదటి స్థాయి వారిలో అత్యధికులు, రెండవ స్థాయి వారిలో పలువురు కొద్దిపాటి సహాయంతో పాలివ్వగలరు.

ఇక్కడ మన ఇళ్లలోని ఒక దురాచారాన్ని ప్రస్తావించక తప్పదు. ఆడపిల్ల పుట్టగానే ముందు ముందు చనుమొనలు లోనికి పోకుండా ఉండాలని మంత్రసానులు, అమ్మమ్మలు పసిగుడ్డు చనులను పిండుతూ ఉంటారు. గర్భంలో తల్లి నుండి వచ్చిన హార్మోనుల ప్రభావం చేత కొందరు శిశువులకు చనులు ఉబ్బి, ఒకటి రెండు పాలచుక్కలు కూడా వస్తాయి. ముట్టుకోకుండా వదిలితే కొన్ని వారాలలో అదే తగ్గుతుంది. పిండితే చీము పట్టి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ వల్ల లోపలి లేత కణజాలం దెబ్బతింటే, పెద్దయిన తరువాత ఆ వైపు స్తనం సరిగా ఎదగకపోవచ్చు. రాకూడదని ఏ లోపానికి భయపడ్డారో, దానికంటె పెద్ద లోపాన్ని చేజేతులా తెచ్చిపెట్టడమే అవుతుంది.

తైలమర్దనం వల్ల, లేపనాల వల్ల మొన బయటికి వస్తుందా అని కొందరు అడుగుతారు. గృహవైద్యాన్ని అభిమానించే పాఠకులకు ఈ మాట రుచించకపోవచ్చు గాని, పొట్టిగా ఉన్న నాళాన్ని ఏ లేపనమూ పొడిగించలేదు. చనుమొన పగిలినప్పుడు తల్లి తన పాలచుక్కనే దానిపై రాసి ఆరనివ్వడం మంచిది. తేనె మాత్రం రాయరాదు. ఏడాది లోపు శిశువుకు అది ప్రమాదకరం కావచ్చు.

గర్భిణులకు చనుమొనలను లాగే వ్యాయామాన్ని 1953లో హాఫ్‌మన్ సూచించగా, అది చాలాకాలం ప్రచారంలో ఉండినది. బ్రిటన్, కెనడాలలో జరిపి 1992, 1994 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనల వల్ల ఆ వ్యాయామం గాని, స్తనాలపై ధరించే ప్లాస్టిక్ చిప్పలు గాని పాలివ్వడానికి అదనంగా తోడ్పడలేదని తేలింది. పైగా నెలలు నిండక ముందు చనుమొనను పదేపదే ప్రేరేపిస్తే గర్భాశయం సంకోచించవచ్చు. కాబట్టి గర్భిణి ఈ విషయమై ఆందోళన చెందక, కాన్పు వరకు వేచి ఉండటమే మేలు.

కాన్పయిన తరువాత చేయవలసినది ఎక్కువ. శిశువు పాలు తాగేటప్పుడు మొనను మాత్రమే గాక వలయంలో అధికభాగాన్ని నోట పట్టాలి. అందుచేత పుట్టిన గంటలోపే తల్లి రొమ్మున పడుకోబెట్టి, స్తనం పాలతో గట్టిపడక ముందే అలవాటు చేయాలి. దీనికి తోడుగా మన పొరుగున కర్ణాటకలోని దావణగెరె వైద్యులు 1993లో ప్రకటించిన ఉపాయం ఒకటి ఎంతో సులభమైనది. పది మిల్లీలీటర్ల కొత్త సిరంజి గొట్టానికి సూది అమర్చే కొనను కోసివేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుండి దూర్చాలి. నున్నని రెండవ అంచును చనుమొనపై ఆనించి, పిస్టన్‌ను మెల్లగా వెనుకకు లాగి, అర నిమిషం మొదలు ఒక నిమిషం వరకు ఉంచాలి. పిస్టన్‌ను తల్లి తన చేతితోనే లాగాలి. నొప్పి ఎంతో ఆమెకే తెలుస్తుంది. నొప్పి కలిగితే పిస్టన్‌ను కొంచెం ముందుకు నెట్టాలి. పాలివ్వబోయే ముందు రోజూ ఇలా చేస్తే కొద్దిరోజులలో చాలామందికి మేలు కనిపిస్తుంది. అంతవరకు పాలను శుభ్రమైన చేతితో పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. డబ్బా, సీసా కొనవలసిన పని లేదు.

శస్త్రచికిత్స ప్రస్తావనకు ముందు ఒక హెచ్చరిక. పైన చెప్పినదంతా చిన్ననాటి నుండి ఉన్న లోపానికే వర్తిస్తుంది. ఇంతకాలం బయటికి ఉన్న మొన, ముఖ్యంగా ఒకవైపు మాత్రమే, నడివయస్సులో లోనికి పోవడం ఆరంభిస్తే అది వేరు. గడ్డ, రక్తస్రావం, చర్మం సొట్ట పడటం తోడైతే ఆలస్యం అసలు పనికిరాదు. క్షయ వల్ల గాని, నాళాల వాపు వల్ల గాని అలా జరగవచ్చు. కాన్సర్ వల్ల కూడా జరగవచ్చు. మామోగ్రఫీ, అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలు జరిగి కారణం తేలేవరకు సిరంజి గాని, కత్తి గాని తాకించరాదు.

స్తనంలోని గడ్డ పక్వమైనప్పుడు పాలను మోసే నాళాలను, నల్లని చూచుకాన్ని తప్పించి శస్త్రం ప్రయోగించాలని సుశ్రుతుడు చికిత్సాస్థానంలో హెచ్చరించాడు. చనుమొనను సరిదిద్దే నేటి శస్త్రచికిత్సలో కూడా చిక్కంతా ఈ నాళాలతోనే. మందు సూదితో ఆ భాగాన్ని మాత్రమే తిమ్మిరెక్కించి, మొన మొదట్లో చిన్న గాటు పెట్టి, బిగుసుకున్న నారపట్టీలను విడదీస్తారు. ఖాళీ అయిన చోట పక్కనున్న కణజాలాన్ని అమర్చి, మొన మెడ చుట్టూ సంచి మూతి బిగించినట్లు కుట్టు వేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పోవచ్చు. కొంతకాలం మొనపై ఒత్తిడి పడకుండా మధ్య రంధ్రమున్న కట్టు ఉంచుతారు.

స్వల్పస్థాయి లోపంలో నాళాలను కాపాడుతూ ఈ పని చేయవచ్చు. మూడవ స్థాయిలో నాళాలే మొనను కిందికి గుంజుతుంటాయి గనుక వాటిని కోయక తప్పనివారు ఉంటారు. కోస్తే ఆ వైపు నుండి ఇక పాలు రావు. నాళాలను కాపాడినా పాలివ్వగలుగుతారని హామీ ఇవ్వలేము. అందువల్ల ఇంకా బిడ్డలు కావాలనుకునే స్త్రీ, లోపల పదేపదే చీము పట్టడం వంటి బాధ లేనప్పుడు, పాలిచ్చే కాలం ముగిసేవరకు ఆగడమే యుక్తమని నా అభిప్రాయం. కేవలం అందం కోసం తొందరపెట్టే భర్తలకూ ఈ మాట చెప్పాలి.

మొన మళ్లీ లోనికి పోవడం, స్పర్శ తగ్గడం, మచ్చ పడటం, అరుదుగా రక్తప్రసరణ చాలక మొన చర్మం చచ్చుబడటం ఈ చికిత్సలో సంభవించగల నష్టాలు. ఒప్పుకొనే ముందు వైద్యుని రెండు ప్రశ్నలు అడగండి: నా నాళాలను కోస్తారా, కాపాడతారా? మొన మళ్లీ లోనికి పోతే ఏమి చేస్తారు? జవాబు స్పష్టంగా రాకపోతే మరొక శస్త్రవైద్యుని సలహా కూడా తీసుకొని, ఆ తరువాతనే తేదీ నిర్ణయించుకొనండి.