డర్హమ్‌లో కాలేజీ అంటే ఉండే చోటు
మన జీతం దిర్హమ్ కాదన్నా, ఇంగ్లండ్‌లో ఊరు డర్హమ్. అక్కడి యూనివర్సిటీలో 17 కాలేజీలున్నయి. ‘బిడ్డకు ఏది మంచిది?’ అని చాలామంది అడుగుతున్నరు. పాఠాలు చెప్పేది డిపార్ట్‌మెంట్లు, కాలేజీ కాదు. ఏ కాలేజీలో ఉన్నా డిగ్రీ యూనివర్సిటీదే. పేరు చూసి పైసలు పెట్టొద్దు.

ముందు తిండి చూడండి. హాట్‌ఫీల్డ్‌లో మెస్ ఖర్చు కిరాయిలోనే కలుస్తది. జోసెఫిన్ బట్లర్‌లో పిల్లలే వండుకోవాలె. అన్నం, పప్పు లేనిదే నడవని పిల్లకు వంటగదే మేలు. మెస్‌కు కట్టి బయట తింటే మన ఓవర్‌టైమ్ నీళ్లపాలే.

కాంట్రాక్ట్ ఎన్ని వారాలో అడగండి. సెలవుల్లో గది ఖాళీ చేయాలంటే సామాను ఎక్కడ పెడతది? పాత బిల్డింగులు ఫొటోలో బాగుంటయి. బాత్రూం ఎందరికి ఒకటో సూపర్‌వైజర్ లెక్కన అడగండి.

పీజీ పిల్లలకు ఉస్టినోవ్ ఉంది. రెండో ఏడు చాలామంది బయట ఇల్లు తీసుకుంటరు, కాలేజీ సభ్యత్వం అట్లనే ఉంటది.