కొత్త తొట్టిలో చేపల మరణాలు: నత్రీకరణం నేర్పే పాఠం

చేపలను ఇరుకైన పాత తొట్టి నుంచి విశాలమైన కొత్త తొట్టిలోకి మార్చిన వారం పది రోజులలో అవి ఒక్కొక్కటిగా చనిపోవడం అక్వేరియం పెంపకందారులలో చాలామందికి అనుభవమే. నీరు తేటగానే ఉంటుంది. మేతకు కొరత ఉండదు. రోగ లక్షణాలు పైకి కనిపించవు. మా విభాగపు ప్రయోగశాలలోనూ ఇదే జరిగింది. శుభ్రత పేరిట పాత తొట్టిలోని స్పాంజిని, గులకరాళ్లను కుళాయి నీటితో కడిగించి ఎండబెట్టించినది నేనే. ఏళ్ల తరబడి నత్రీకరణాన్ని బోధిస్తున్న నాకు, ఆ కడుగునీటితో పాటు పారబోసినదేమిటో ఐదవ రోజున గాని స్ఫురించలేదు.

చేపలు ముఖ్యంగా మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత, మలం కుళ్లినప్పుడు మరికొంత చేరుతుంది. కుదుటపడిన తొట్టిలో నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దీనిని నైట్రైట్‌గాను, నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ కోవకు చెందిన బాక్టీరియాను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ నేల నుంచి వేరుచేశారు. మెట్ట పొలంలో వేసిన యూరియా అమ్మోనియంగా మారిన తరువాత జరిగేదీ ఇదే. ఈ బాక్టీరియాలో అధికభాగం స్పాంజి, గులకరాళ్ల ఉపరితలాలను అంటిపెట్టుకొని ఉంటుంది. అందువల్ల పాత నీటిని తెచ్చి పోసినంత మాత్రాన ఒనగూరే ప్రయోజనం స్వల్పం. వీటి వృద్ధి మందకొడిగా సాగుతుంది గనుక కొత్త తొట్టి కుదుటపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అమ్మోనియా విషప్రభావం ఉదజని సూచికను బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సూచిక 7 ఉన్న నీటిలో, అయనీకరణం చెందని విషరూపం మొత్తం అమ్మోనియాలో సుమారు 0.6 శాతం మాత్రమే. సూచిక 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. క్షార స్వభావం గల బోరు నీటితో అధిక జాగ్రత్త అవసరమనడానికి కారణమిదే. నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మార్చి ప్రాణవాయువు సరఫరాను దెబ్బతీస్తుంది. అప్పుడు మొప్పలు గోధుమ వర్ణానికి తిరుగుతాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను గాయపరచడమే గాక మేలుచేసే బాక్టీరియాను కూడా నశింపజేస్తుంది.

నివారణ కష్టసాధ్యమేమీ కాదు. పాత స్పాంజిని, గులకరాళ్లను కడగవలసి వస్తే పాత తొట్టి నీటిలోనే జాడించి, తడి ఆరకముందే కొత్త తొట్టిలోకి మార్చాలి. క్లోరిన్ కలిపిన నీటికి ఒక రోజు పాటు గాలి అందించాలి, లేదా తగు మోతాదులో సోడియం థయోసల్ఫేట్ కలపాలి. చేపలను సంచితో సహా 15 నుంచి 20 నిమిషాలు నీటిపై తేలనిచ్చి, ఉష్ణోగ్రత సమమైన తరువాత కొద్దికొద్దిగా కొత్త నీటికి అలవాటు చేయాలి. తొలి వారాలలో తక్కువ చేపలను వదిలి మేత తగ్గించాలి. అమ్మోనియా, నైట్రైట్‌లను తరచుగా పరీక్షించి, అవి కనిపించిన వెంటనే నాలుగవ వంతు నీటిని మార్చాలి. స్వల్పంగా కలిపిన ఉప్పులోని క్లోరైడ్ మొప్పల ద్వారా నైట్రైట్ ప్రవేశాన్ని తగ్గిస్తుంది. అయితే ఉప్పును సహించలేని జాతులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

మా తొట్టిలో ఆరోగ్యవంతమైన మరొక పాత తొట్టి నుంచి తెచ్చిన తడి స్పాంజిని అమర్చి, రోజూ కొంత నీటిని మార్చిన తరువాత మిగిలిన చేపలు నిలదొక్కుకున్నాయి. అప్పటికే సగం చేపలను కోల్పోయాము. ప్లాస్టిక్ పరచిన కొత్త సేద్యపు కుంటలో చేపపిల్లలను వదలదలచిన రైతు సలహా కోరినప్పుడు, నీటి తేటదనాన్ని చూసి అనుమతించరాదు. అందులో అమ్మోనియాను స్వీకరించే జీవజాలం ఏర్పడినదా అన్నదే విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన మొదటి ప్రశ్న.